ఉమ్మడి కథాలోకం సంపాదక మండలికి బహిరంగ లేఖ: ఎంట్రీల్లోంచి మనుషుల్ని తీసేయకండి

గౌరవనీయులైన సంపాదక మండలి సభ్యులకు,

నమస్కారం. తెలుగులో పదిమందీ కలిసి ఒకే భవిష్యత్ లోకాన్ని రాయొచ్చని తలపెట్టి, మాలాంటి వాళ్లకు అందులో చోటిచ్చింది మీరే. ఆ మేలు మరిచిపోము. ఇక విషయానికి వస్తాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మన లోకానికి ఎంట్రీలు రాస్తున్న స్కూలు పిల్లలు, డిగ్రీ కుర్రాళ్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, పొందూరు చేనేత కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయి, వీళ్లందరి తరఫునా ఈ లేఖ రాస్తున్నాను. మమ్మల్ని అడక్కుండా మా ఎంట్రీలు మార్చి, మా పేర్లు తీసేశారన్న బాధ ముందు మీకే విడిగా చెప్పుకున్నాం. ఉత్తరాలు పెట్టాం, ఫోన్లు చేశాం. "పరిశీలిస్తాం" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. ఈలోగా ఎంట్రీలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నామని ప్రకటన వచ్చేసింది. పుస్తకం అచ్చయ్యాక అడిగి లాభం లేదు కాబట్టి ఇప్పుడే నలుగురి ముందూ అడుగుతున్నాం.

సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మన లోకంలో కథ ఎవరూ నేరుగా చెప్పరు. 2100 నుంచి 2300 దాకా జరిగిన చరిత్ర మొత్తం ఒక ఆర్కైవులో దొరికిన కాగితాల రూపంలో ఉంటుంది. రిజిస్టర్లు, మెమోలు, పంచనామాలు, ఓడల లాగ్‌బుక్కులు, ఆసుపత్రి చీటీలు, రద్దయిపోయిన జీవోలు. ఒక్కో రచయిత ఒక్కో కాగితం రాస్తారు, దాన్నే ఎంట్రీ అంటాం. పాఠకులు వాటిని పక్కపక్కన పెట్టుకుని, అసలేం జరిగి ఉంటుందో తామే పోగుచేసుకుంటారు.

అంటే ప్రతి ఎంట్రీ వెనకా ఇద్దరు రచయితలుంటారు. ఒకరు బయట ఉన్న మనిషి, అంటే నిజంగా కూర్చుని రాసినవాళ్లు. రెండోవారు లోపలి మనిషి. ఆ కాగితం మీద సంతకం పెట్టిన గుమాస్తా, నర్సు, పడవ సరంగు. ఆ లోపలి మనిషికి ఏం తెలుసు, ఏం తెలీదు, పైవాళ్లలో ఎవరికి భయపడుతున్నాడు, ఎవరు చదువుతారని ఆశ పడుతున్నాడు అన్నదాంట్లోనే ఎంట్రీ ప్రాణం ఉంటుంది. కిందటేడు మీరు తెచ్చిన "ఏకరూపత నియమం" ఈ ఇద్దరినీ తీసేసింది. అన్ని ఎంట్రీలూ ఒకే శైలిలో, ప్రథమ పురుషలో, ఎవరి సంతకమూ లేకుండా, ఏ ప్రాంతపు యాసా లేకుండా ఉండాలన్నారు. ఆ తర్వాత మమ్మల్ని అడక్కుండానే మా పాత ఎంట్రీలన్నీ మార్చేశారు. మా పేర్లు కూడా పోయాయి.

దీనివల్ల ఏం జరిగిందో వరసగా చెబుతాను.

1. ఉద్దానం ఎంట్రీ

కవిటి వైపు నుంచి వచ్చే ఒక డిగ్రీ విద్యార్థిని ఈ ఎంట్రీ రాసింది. మా జిల్లాలోని ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి రాష్ట్రమంతా తెలిసిందే. నీళ్లలో సిలికానా, భార లోహాలా, పురుగుమందులా, ఎండలో పని చేసి ఒంట్లో నీరు ఇంకిపోవడమా అని ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ అమ్మాయి ఇంట్లోనే డయాలసిస్‌కి తిరుగుతున్న పెద్దావిడ ఉంది. ఆ అమ్మాయి రాసిన ఎంట్రీ ఇలా ఉండేది:

"కవిటి నీటి కేంద్రం. రోజువారీ రిజిస్టరు. 2187 మే 14. వచ్చిన నీళ్లు 3,000 లీటర్లు. ఇచ్చినవి 200 బిందెలు, బిందెకి 15 లీటర్ల చొప్పున. మిగులు లేదు. రిమార్కులు: జబ్బు చీటీ ఉన్నోళ్లకి ముందుగాల ఇచ్చినాను. చీటీ లేని ముసలమ్మ ఒకర్తె గట్టు మీద కూకుండిపోనాది. నా వంతు బిందె ఆమెకిచ్చినాను. ఇది లెక్కలో రాయకూడదు. అయినా రాస్తన్నాను."

ఇప్పుడు దాని స్థానంలో ఉన్న వాక్యం: "22వ శతాబ్దంలో ఉద్దానం ప్రాంతంలో తాగునీటి పంపిణీ పరిమితంగా జరిగేది."

సభ్యులారా, దయచేసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటిదాంట్లో ఒక ప్రభుత్వం ఉంది, అది పెట్టిన చీటీల పద్ధతి ఉంది, ఆ పద్ధతిలోంచి జారిపోయిన ముసలమ్మ ఉంది, రూలు తెలిసీ రూలు దాటిన గుమాస్తా ఉన్నాడు. లెక్క సరిగ్గా సరిపోతుంది. 15 చొప్పున 200 బిందెలంటే 3,000 లీటర్లే. కానీ ఆ సరిపోయిన లెక్క కింద ఒక మనిషి ఆ రోజు నీళ్లు లేకుండా ఉండిపోయాడు. ఆ సంగతి పాఠకుడే కనిపెట్టాలని ఆ అమ్మాయి అంకెల్ని అలా కూర్చింది. రెండోదాంట్లో ఇదేదీ లేదు. "నిజమైన జబ్బుల ప్రస్తావన వద్దు" అని ఎవరో ఒక నోట్ పెట్టారట. ఉద్దానంలో వందేళ్ల తర్వాతి కాలాన్ని ఊహించమని ఆ ఊరి పిల్లని అడిగితే, నీళ్ల సంగతి వదిలేసి ఆమె ఇంకేం రాస్తుంది?

2. బారువ ఎంట్రీ

ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

మన లోకానికి మొదటి రోజు నుంచీ ఒక గట్టి నియమం ఉంది. కాంతి కంటే వేగంగా ఏదీ వెళ్లదు, కబురు కూడా. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి కబురు పంపితే అక్కడికి చేరడానికి దాదాపు నాలుగేళ్ల మూడు నెలలు పడుతుంది.

బారువ దగ్గర మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన ఒక ఇంటర్ కుర్రాడు దీని మీద మూడు ఎంట్రీలు రాశాడు. మొదటిది బారువ సిగ్నల్ కేంద్రం డ్యూటీ పుస్తకం: 2229 జనవరిలో కేంద్రం పెద్ద చనిపోయాడు. రెండోది ప్రాక్సిమా దగ్గరి స్టేషన్ లాగ్, 2231లోది: "బారువ పెద్దాయనకి దండాలు. ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం వచ్చిందా?" అని అడుగుతుంది. మూడోది అదే స్టేషన్ లాగ్, 2233 ఏప్రిల్‌లోది, ఒక్కటే ముక్క: "ఈ రోజు పని ఆపినాం."

2231 నాటికి చావు కబురు ఇంకా దారిలోనే ఉంది. బతికే ఉన్నాడనుకుని రెండేళ్ల కిందట పోయిన మనిషికి దండాలు పెడుతున్నారు. ఆ కబురు చేరింది 2233 ఏప్రిల్లో. కాంతివేగం అంటే ఏమిటో నేను క్లాసులో ఎన్ని ఫార్ములాలు రాసినా పిల్లలకి ఇంత బాగా ఎక్కలేదు. నిజంగా చెబుతున్నాను, ఈ మూడు ఎంట్రీలూ చదివించాక తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే అడిగారు, "అయితే సార్, మనం రాత్రి చూసే నక్షత్రం ఇప్పుడు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అని.

మీ మండలి దీన్ని "తేదీల పొరపాటు" అని గుర్తించి 2231ని 2228గా దిద్దింది. దాంతో ఆ దండాలు బతికున్న మనిషికి పెట్టిన మామూలు దండాలైపోయాయి. 2233 లాగ్‌కి అర్థమే లేకుండా పోయింది. "సంబంధం లేనిది" అని దాన్ని కూడా తర్వాత తీసేశారు. లెక్క తెలిసి రాసిన కుర్రాడికి పొరపాటు అంటగట్టారు. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఆర్కైవులో రెండు కాగితాలు ఒకదానికొకటి పొసగకపోతే అక్కడే ఏదో ఉందని అర్థం. ఒకరు అబద్ధం రాసి ఉండొచ్చు, ఒకరికి కబురు అంది ఉండకపోవచ్చు, ఒకరు భయపడి దాచి ఉండొచ్చు. పాఠకుడికి పని పెట్టేది ఆ తేడానే.

3. పొందూరు ఎంట్రీ

పొందూరు ఖద్దరుకి పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ల వల్లే నూలుకి ఆ నునుపు వస్తుంది. పొందూరు అమ్మాయి రాసిన ఎంట్రీ 2160లలో వాలుగలు దొరకని కాలంలో ఒక సహకార సంఘం రాసుకున్న వంతుల జాబితా. ఏ ఇంటికి ఏ వారం దవడ ఇవ్వాలి, పన్ను విరిగితే ఎవరు ఎంత కట్టాలి, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు అందులో "సంప్రదాయ పరికరం" అని ఉంది. చేప లేదు, పన్ను లేదు, విరగడం లేదు. ఎంట్రీ మొత్తం ఆ చేప కోసమే రాసింది.

4. పేర్లు పోవడం వల్ల

ఇది చాలామందికి చిన్న విషయంలా కనిపిస్తుంది. మా పిల్లలకి చిన్నది కాదు. విజయనగరంలో డిగ్రీ చదివిన ఒక కుర్రాడు కంటెంట్ రైటింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లి, నేను రాసినవి ఇవీ అని చూపించాడు. పేరేదని అడిగారు. చూపించడానికి ఏమీ లేదు. వాళ్లింట్లో "ఇన్నాళ్లూ రాత్రిళ్లు కూర్చుని రాసింది ఇదేనా" అన్నారట. ఇంకో పిల్ల ఈ ఏడాది రాయడం మానేసింది. "నా పేరు లేకపోతే పర్లేదు సార్, నా మాట కూడా లేదు" అంది. పల్లెటూళ్లలో చదువు మధ్యలో ఇలాంటి పని పెట్టుకుంటే ఇంట్లో ఒప్పించుకోవడమే కష్టం. మా స్టాఫ్ రూమ్‌లోనూ "మార్కులొచ్చే పని చేయించండి" అనేవాళ్లే ఎక్కువ. వాళ్లకి జవాబుగా పిల్లలు చూపించుకోగలిగింది ఎంట్రీ కింద ఉన్న ఆ పేరొక్కటే.

5. మాట తీరు

గుమాస్తా రిమార్కుల్లో ఉన్న యాసని "అశిష్టం" అని దిద్దారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు జనం మాట్లాడే భాష రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనమంతా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన జిల్లా పిల్లల రాతలోంచి ఆ మాట తీసేస్తుంటే మాకు కష్టంగానే ఉంటుంది. ఆఫీసు మెమో ఆఫీసు భాషలోనే ఉండాలి, అది మేమూ ఒప్పుకుంటాం, అలాగే రాస్తున్నాం. మెమో అంచున పెన్సిల్‌తో రాసుకున్న ముక్కని మాత్రం ఆ రాసుకున్న మనిషి మాటల్లోనే ఉండనివ్వండి.

మీ వైపు నుంచి వినిపించిన సమాధానం ఒకటుంది. ప్రపంచంలో పేరున్న ఉమ్మడి లోకాలన్నీ ఏకరూపంగానే ఉన్నాయని, ఇంటర్నెట్‌లో ఎంతోమంది కలిసి రాసే ఎస్‌సీపీ ఫౌండేషన్ అనే కథాలోకం అందుకు ఉదాహరణ అని. న్యాయంగా దానికి జవాబివ్వాలి. 2007లో పేరు లేని ఒక పోస్టుతో మొదలై, 2008లో సొంత సైటు కట్టుకుని, ఇప్పుడు వేల ఎంట్రీలతో, రష్యన్, కొరియన్, జపనీస్, ఫ్రెంచ్ లాంటి ఎన్నో భాషల్లోకి పాకిన లోకం అది. అక్కడి ఎంట్రీలు పొడి పొడి ఆఫీసు శైలిలో ఉంటాయన్నది నిజమే. ఎందుకంటే అక్కడి లోపలి రచయిత ఒక రహస్య సంస్థ ఉద్యోగి. ఆ శైలి ఆ ఉద్యోగిది. అదే ఎంట్రీలో ఇంటర్వ్యూ వస్తే అక్కడి మనిషి తన మాటే మాట్లాడతాడు, డైరీ వస్తే డైరీలాగే ఉంటుంది. పైగా అక్కడ "ఇదే అసలు చరిత్ర" అని ఒకటి లేదు. ఒకదానికొకటి పొసగని ఎంట్రీలు పక్కపక్కనే ఉంటాయి. ఎవరు ఏది రాశారో చెప్పి తీరాలన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అదంతా నడుస్తోంది. అన్నిటికంటే పేరున్న వాళ్ల మొదటి ఎంట్రీలో ఒక జపాన్ కళాకారుడి శిల్పం ఫొటో ఉండేది. ఆయన మీద గౌరవంతో 2022లో దాన్ని తీసేశారు. అంత పెద్ద లోకమే బయటి కళాకారుడి పట్ల అలా నడుచుకుంది. ఉదాహరణ తీసుకుంటే ఈ సంగతి కూడా తీసుకోవాలి.

అంతదాకా ఎందుకు. మా పిల్లల్ని శ్రీకూర్మం తీసుకెళ్లి గుడి స్తంభాల మీద శాసనాలు చూపిస్తుంటాను. ఎంట్రీ ఎలా రాయాలో అంతకంటే బాగా నేర్పే చోటు ఈ చుట్టుపక్కల లేదని నా అభిప్రాయం. శక సంవత్సరం, ఇచ్చినవాళ్ల పేరు, ఏం ఇచ్చారు, అఖండదీపానికా ఇంకొకదానికా, ఎవరు చూసుకోవాలి. ఇంతే ఉంటుంది. దీపం పెట్టించిన మనిషికి ఏం కష్టం వచ్చిందో అందులో రాయలేదు. కానీ పేరు ఉంది. వందల ఏళ్లయినా మనం ఆ పేరు చదువుతున్నాం. "శాసనాలు చదవడం అయ్యాక ఇంటికెళ్లి మీ ఊరి రేషన్ కార్డో, పాస్‌బుక్కో, కరెంటు బిల్లో తీసి చూడండి, వందేళ్ల తర్వాత అది దొరికినవాడికి మీ ఇంటి గురించి ఏం తెలుస్తుందో రాయండి" అని చెబుతాను. మన లోకానికి మేం పంపిన ఎంట్రీల్లో చాలా భాగం అలా పుట్టినవే.

చట్టం మాట కూడా ఒకసారి చెప్పాలి. బెదిరించడానికి కాదు, తెలిసి ఉంటే మంచిదని. కాపీరైటు చట్టం 1957లో 57వ సెక్షన్ ప్రకారం రచన తనదని చెప్పుకునే హక్కు, తన పరువుకు నష్టం కలిగేలా దాన్ని మార్చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకి ఉంటాయి. కాపీరైటు వేరేవాళ్లకి ఇచ్చేసిన తర్వాత కూడా అవి పోవు. కాపీరైటు బదిలీ చెల్లాలంటే రచయిత సంతకంతో రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. మాలో ఎవరూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేదు. మొదటి రోజు మీరు పెట్టిన షరతు ఒక్కటే: "ఎవరైనా వాడుకోవచ్చు, రాసినవారి పేరు చెప్పాలి." మేం ఒప్పుకున్నది దానికే. పుస్తకం ప్రకటనలో మాత్రం "రచన: సంపాదక మండలి" అని ఉంది.

కాబట్టి మేం అడిగేవి ఇవి.

1. మార్చిన, తీసేసిన ఎంట్రీలన్నిటికీ పాత ప్రతులు తిరిగి పెట్టాలి. ఇకమీదట ఏ మార్పు జరిగినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో పాఠకులకి కనిపించాలి. బారువ తేదీలు అన్నిటికంటే ముందు సరిచేయాలి, ఎందుకంటే సైన్సు ప్రకారం సరిగ్గా ఉన్న లెక్కనే పొరపాటని దిద్దారు.

2. ప్రతి ఎంట్రీ కింద రాసినవాళ్ల పేరు ఉండాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకి కలం పేరు చాలు, అది కూడా తల్లిదండ్రుల అనుమతితో.

3. రెండు ఎంట్రీలు పొసగకపోతే దిద్దే ముందు రాసినవాళ్లని అడగాలి. తేలకపోతే రెండూ ఉంచి, "ఇక్కడ తేడా ఉంది" అని ఒక గుర్తు పెట్టాలి. తీసేయాల్సి వస్తే కారణం రాతపూర్వకంగా చెప్పి, జవాబు ఇచ్చుకోవడానికి నెల గడువు ఇవ్వాలి.

4. ఏకరూపత నియమాన్ని ఎంట్రీ పైభాగం వరకే పరిమితం చేయాలి. నంబరు, తేదీ, దొరికిన చోటు, కాగితం రకం, ఇవి ఒకే వరసలో ఉండటం మాకూ సౌకర్యమే. దాని కింద ఉన్న రాత లోపలి మనిషిది.

5. పుస్తకం ముద్రణ ఆపండి. ప్రతి రచయిత దగ్గరా సంతకంతో ఒప్పుకోలు తీసుకున్నాకే మొదలుపెట్టండి. ఇష్టం లేనివాళ్ల ఎంట్రీలు వదిలేయండి. పుస్తకం మీద డబ్బు వస్తే అందులో రచయితలకి ఎంతో ముందే చెప్పండి. మా పిల్లలు డబ్బు అడగలేదు, కానీ వాళ్ల తరఫున నేను అడగకపోతే తప్పవుతుంది.

6. ఎంట్రీలు చూసే బృందంలో ఉత్తరాంధ్ర నుంచి ఒకరిని, సైన్సు చదివినవాళ్లని ఒకరిని వేసుకోండి. ఇద్దరూ మా వాళ్లే కావాలని పట్టుబట్టం.

ఈ లేఖ మీకు అందిన నెలలోగా, మాకు విడిగా కాకుండా రచయితలందరూ చూసేలా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. అప్పటిదాకా మా రెండు జిల్లాల నుంచి కొత్త ఎంట్రీలు పంపడం ఆపుతున్నాం. రాయడం మాత్రం ఆపడం లేదు. కవిటి రిజిస్టరులో మే 15 నుంచి నెలాఖరు దాకా పేజీలు సిద్ధంగా ఉన్నాయి. మీ జవాబు రాగానే రాసినమ్మాయి పేరుతో పంపుతాం.

మిగతా జిల్లాల రచయితలకి ఒక మనవి. మీ ఎంట్రీలు కూడా ఒకసారి తెరిచి చూసుకోండి. మీరు పెట్టిన తేదీలు, పేర్లు, మాటలు అలాగే ఉన్నాయో లేదో సరిచూసుకుని, మారి ఉంటే పాత ప్రతి మీ దగ్గర జాగ్రత్తగా దాచుకుని మండలికి రాయండి.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎంట్రీ రచయితల తరఫున,
ఒక ఫిజిక్స్ ఉపాధ్యాయుడు